రెండో ఫ్లాపీ

కాగితం చేతిలో పెట్టి గబగబా జారుకుందామనుకున్నాడు కాలువ నీళ్ల వంతులు చూసే నీరటి లచ్చన్న. గంగమణి ఊరుకుంటుందా? అతని కండువా కొస పట్టుకుంది.

"ఏందన్నా ఇది? మల్ల గదే కాగితం దెస్తివి?"

"గదే చెల్లే. నేనేం జెయ్య? మిషిన్లకెళ్లి గదే వచ్చె. సోమారం పొద్దుగాల్ల నీళ్ల సంఘం ఆఫీసుల అతికిస్తరు. నెలదాంక ఇంక గదే."

గంగమణికి చదువు అంతంత మాత్రం. కానీ ఆ కాగితంలో తన పేరు ఎక్కడుంటుందో, పక్కన ఏముంటుందో కళ్లు మూసుకునైనా చెప్పగలదు. ఏడో నంబరు పిల్లకాలువ, చివరి తూము. బుధవారం తెల్లవారుజాము రెండు గంటలకు. మూడేళ్లుగా పసుపు చేనుకు ఆమె నీళ్ల వంతు అదే. మొగుడు భూపతి దుబాయిలో ఉన్నాడు. టార్చిలైటు, పార, ఒళ్లో బీడీల చాట, ఇవీ ఆమెకు తోడు. ఆమె ముందున్న తూము భూమవ్వది. అరవై దాటిన మనిషి, ఆమెదీ రాత్రి వంతే. చివరి ఐదుగురిలో నలుగురు ఆడవాళ్లే, నలుగురివీ చీకటి వంతులే. మొదటి తూముల దగ్గరి మగమహారాజులు మాత్రం పొద్దున్నే చాయ తాగి, మీసం దువ్వుకుని తాపీగా చేనుకు పోతారు.

"పగటి వంతోల్లకు ఎప్పుడూ పగలు, రాత్రోల్లకు ఎప్పుడూ రాత్రేనా? నెలకోపారి అటుదిటు తిప్పుతామన్నరు గద?" అంది గంగమణి.

"అది రెండో ఫ్లాపీల ఉన్నదంట. రెండో ఫ్లాపీ ఇంక రాలె."

"ఆ ఫ్లాపీ రాకుంటే నువ్వే చేత్తోని రాయి మరి."

లచ్చన్న చెవులు మూసుకున్నాడు. "వద్దు తల్లీ! చేత్తోని రాసిన ఏడాది కాలువ మీద కట్టెలు లేచినయి. మిషిన్ రాసిందంటే ఎవ్వడు నోరు మెదుపడు. నన్ను జర బతుకనియ్యి."

కండువా విడిపించుకుని లచ్చన్న సైకిలెక్కాడు. గంగమణి పార ఒడ్డున గుచ్చి, చేతులు కడుక్కుని, నేరుగా ఆర్మూర్ బజారుకు నడిచింది. మనిషి నెమ్మదస్తురాలే గానీ, కోపమొస్తే కాళ్లు ముందు నడుస్తాయి, మాట తర్వాత వస్తుంది.

మార్కెట్ వెనక సందులో అంబదాస్ సేటు పసుపు గోదాము. దాని మేడ మీద ఆయన బిడ్డ విద్యావతి నడిపే కంప్యూటర్ సెంటర్. కింద హమాలీలు పసుపు బస్తా దులిపారంటే పైన కీబోర్డు పచ్చబడుతుంది. విద్యావతి రోజుకు నాలుగుసార్లు తడిగుడ్డతో మీటలు తుడుస్తుంది, అయినా ఆమె వేలిగోళ్లు పెళ్లికూతురి గోళ్లలాగే ఉంటాయి. ఆ అమ్మాయే ప్రతి నెలా నీళ్ల లిస్టు ప్రింటు తీసి సంఘానికి పంపేది.

"నీకు దయ గిట్ల ఉన్నదా విద్యమ్మా?" అంటూ మెట్లెక్కింది గంగమణి. "మల్ల గదే లిస్టు దీస్తివి!"

విద్యావతి కుర్చీ జరిపింది. "కూసో అక్కా. నేనేం జెయ్యాలె చెప్పు. పోచంపాడ్ కాశీనాథ్ సారు, గంగాదాస్ సారు రాసిచ్చిన మొదటి ఫ్లాపీల లెక్క ఇది. రెండోది ఉగాదికన్నరు, తొలకరికన్నరు, దసరాకన్నరు. దీపావళి గూడ పోయె. మన కాలువోల్లు, బాల్కొండోల్లు, జక్రాన్‌పల్లోల్లు కలిసి నలభై కార్డులు రాసిండ్రు. అన్ని నేనే రాసిపెట్టిన. 'త్వరలో' అని ఒక్క జవాబొచ్చింది."

"వాళ్లకు పైసలియ్యలేదని కోపమా?"

"పైసలెక్కడియక్కా, వాళ్లు ఉత్తగనే ఇస్తరు. రాసిన లెక్కంత ఫ్లాపీల విప్పే పెట్టిండ్రు. ఎవరన్న చదువుకోవచ్చు, సవరించుకోవచ్చు. ఒక్కటే షరతు, ఇంకొకరు అడిగితే మనం గూడ ఉత్తగనే ఇయ్యాలె."

"గట్లయితే నువ్వే సవరించరాదు?"

విద్యావతి నాలిక కరుచుకుంది. "అమ్మో, నేనెంత? వాళ్లు సార్లు. నేను ముడితే ఏమైతదో ఏమో."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నలభై కార్డులు అడిగాయి, కానీ కార్డుకు నోరుండదు కదా, బల్ల మీద పడి ఉంటుంది. మనిషి గడపలో కూర్చుంటే సంగతి వేరు. గంగమణి మెట్లు దిగేటప్పటికే నిశ్చయం చేసుకుంది.

రెండో శనివారం, సర్కారు ఆఫీసులకు సెలవు. గంగమణి, భూమవ్వ పొద్దుటి బస్సెక్కి బాల్కొండ మీదుగా పోచంపాడ్‌లో దిగారు. ఇద్దరి చంకల్లోనూ చాటలు. చాటల్లో తడిగుడ్డ కప్పిన తునికాకు, తంబాకు డబ్బా, దారపు ఉండ. ఎక్కడికి పోయినా సాయంత్రానికి వెయ్యి బీడీలు కార్ఖానాలో అప్పజెప్పాలి. దేవుడి పెళ్లికి పోయినా బీడీలకు మినహాయింపు లేదు.

ఇరిగేషన్ క్వార్టర్లలో కాశీనాథ్ ఇల్లు దొరకడం కష్టం కాలేదు. నక్షాలు గీసే ఉద్యోగి ఆయన. లుంగీ మీద బనీను, చెవి మీద పెన్సిలు. గంగాదాస్ ఆయన స్నేహితుడు, పక్క క్వార్టరే. లోపల గదిలో మూత తీసేసిన కంప్యూటరు ముందు కూర్చుని టకటకా కొడుతున్నాడు. వచ్చినవాళ్లెవరో వినగానే ఇద్దరి ముఖాలూ బడిలో లెక్క చేయని పిల్లల ముఖాల్లా అయ్యాయి.

"అయిపోయిందమ్మా, అయిపోయినట్టే," అన్నాడు కాశీనాథ్. "మంచిగ చేస్తున్నం. ఈపారి తెర మీద కాలువ బొమ్మొస్తది, రంగుల్ల. ఎవరి వంతు వస్తే వాళ్ల పొలం పచ్చగ మెరుస్తది. వంతు మొదలైతే పాట గూడ…"

"మాకు పాట వద్దు సారూ," అంది గంగమణి. "పగలు గావాలె."

లోపల టకటక ఆగిపోయింది.

గంగమణి వరండాలో గోడకు చేరగిలబడి, కాళ్లు చాపి, చాట ఒళ్లో పెట్టుకుంది. భూమవ్వ కూడా పక్కనే చతికిలబడింది. రేకు అచ్చు ఆకు మీద పెట్టి కత్తెరతో చుట్టూ కోయడం, చిటికెడు తంబాకు చల్లడం, వేళ్ల మధ్య ఒక్క దొర్లింపు, గోటితో మూతి ముడిచి దారం రెండు చుట్లు. బీడీ పక్కన బీడీ పడుతోంది.

"ఇదేందమ్మా?" అన్నాడు కాశీనాథ్.

"ఫ్లాపీ ఇచ్చేదాంక ఈడికెళ్లి లేవం," అంది భూమవ్వ. "నువ్వు నీ పని జేసుకో బిడ్డా, మేం మా పని జేసుకుంటం. మాకేం తొందర్లే."

కాశీనాథ్ భార్య లక్ష్మీనర్సమ్మ చాయ కప్పులతో బయటికొచ్చి, వాళ్లను చూసి, చీర కుచ్చిళ్లు సర్దుకుని తానూ గడపలో కూర్చుంది. "మంచి పని జేసిండ్రక్కా! పదకొండు నెలల సంది ఇదే కత. గా డబ్బ ముంగట కూసుంటే ఈయనకు ఆకలుండది, నిద్రుండది, ఇంట్ల ఉప్పుందా పప్పుందా తెల్వది. జర గట్టిగనే కూసోండ్రి. ఆకలైతే అన్నం బెడ్త."

ఇంటావిడే అటువైపు చేరిపోయాక మగవాడికి దిక్కెక్కడిది? కాశీనాథ్ తలగోక్కున్నాడు. అప్పుడు గంగాదాస్ బయటికి వచ్చి స్తంభానికి ఆనుకున్నాడు. ఇద్దరిలో మాట తక్కువ మనిషి ఈయనే.

"నిజం చెప్తనమ్మా," అన్నాడు. "బొమ్మలు, పాటలు మా సోకు. అవి కావు అసలు సంగతి. వంతు తిప్పుడు ఎప్పుడో రాసినం. నీళ్ల నడక తెలుస్తలేదు. ఒక తూము కాడికెళ్లి ఇంకో తూముకు నీళ్లు ఎంతసేపటికి చేరుతయో, గా సమయం కలిపితెనే చివరోల్లకు న్యాయం అయితది. పుస్తకం జూసి లెక్కగట్టినం. శ్రావణంల పోయి కాలువ మీద నిలబడితె, కాగితం పావుగంటన్నది, నీళ్లు గంట దీసుకున్నయి."

"ఎందుకంటవ్?" అన్నాడు కాశీనాథ్, తనను తానే వెక్కిరించుకుంటూ. "కాగితం మీద కాలువకు ఎండ్రకాయల బొక్కలుండయి గద! సగం నీళ్లు వాటిల్లకే పాయె. తప్పు లిస్టిస్తే కాలువ మీద తలలు పగుల్తయని భయం. అందుకే 'త్వరలో, త్వరలో' అనుకుంట తిరుగుతున్నం."

గంగమణి చేయి ఆగింది. ఆమె భూమవ్వ వైపు చూసింది. భూమవ్వ ఆమె వైపు చూసింది. ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. భూమవ్వకైతే కళ్లలో నీళ్లు తిరిగేంత నవ్వు.

"గింతదానికా సారూ పదకొండు నెలలు?" అంది గంగమణి. "మమ్ముల అడిగితె చెప్పకపోదుమా? మూడేండ్ల సంది ఒడ్డు మీద కూసోని బీడీలు చుట్టుకుంట నీళ్ల కోసం ఎదురుచూసేది మేమే గద. మూడో తూము నుంచి నాలుగుకు అరవై బీడీలు. నాలుగు నుంచి ఐదుకు ఎనభై. మావోల్లందరికి ఎరుకే."

కాశీనాథ్ చెవి మీది పెన్సిలు తీశాడు. "బీడీలా?"

"మాకు గడియారాలెక్కడియి సారూ? చాటల లెక్కే లెక్క."

"మరి ఐదు నుంచి ఆరుకు?"

"అది నా తూము," అంది భూమవ్వ. "ఇసుక నేల. నీళ్లు తాగుతది ముండ. ఐదో తూము మూసినంక మొదలువెడ్తే, నా మడి కాడికి నీళ్లొచ్చేసరికి నూరు బీడీలు. ఒకటి ఎక్వగాదు, ఒకటి తక్వగాదు."

ఆ తర్వాత కాశీనాథ్ పట్టలేని హుషారులో పడ్డాడు. లోపలికి ఉరికి గడియారం తెచ్చాడు. "అక్కా, ఒక్క పది చుట్టు, చూస్త," అని గంగమణి ముందు గొంతుక్కూర్చున్నాడు. గంగమణి వేళ్లు ఆడాయి. పదో బీడీకి దారం పడేసరికి సరిగ్గా నాలుగు నిమిషాలు. అప్పటికి భూమవ్వ లక్ష్మీనర్సమ్మతో వంటింట్లోకి పోయి, మామిడికాయ తొక్కు ఎలా పెట్టాలో చెబుతోంది. పదికి నాలుగు, నూరుకు నలభై. కాశీనాథ్ చెబుతుంటే గంగాదాస్ కొట్టుకుంటూ పోయాడు. పదకొండు నెలల ముడి మధ్యాహ్నం అన్నాల వేళకు విడిపోయింది.

నాలుగు గంటల బస్సులో గంగమణి కిటికీ పక్కన కూర్చుంది. ఫ్లాపీని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చాడు గంగాదాస్. తంబాకు డబ్బాకు తగలనీయొద్దని, ఎండ తగలనీయొద్దని, వంచొద్దని పదిసార్లు చెప్పాడు. పసిపిల్లకు చెప్పినన్ని జాగ్రత్తలు. బాల్కొండలో జనం ఎక్కి తోసుకుంటే గంగమణి మోచేయి అడ్డం పెట్టి దాన్ని కాపాడింది. ఎవరో "ఏందది?" అని అడిగారు. "మా పగలు," అంది గంగమణి. అడిగినవాడికి అర్థం కాలేదు. ఆమెకు చెప్పే తీరికా లేదు, ముఖం నిండా నవ్వే ఉంది.

ఆదివారం పొద్దున అంబదాస్ సేటు గోదాము మెట్ల మీద కాలు పెట్టే చోటు లేదు. ఏడో నంబరు కాలువ వాళ్లందరూ వచ్చారు. బాల్కొండ నుంచి ఇద్దరు, జక్రాన్‌పల్లి నుంచి ఒకరు ఖాళీ ఫ్లాపీలు పట్టుకుని వచ్చారు. తమకూ నకలు కావాలట. సేటు ఎవరూ అడగకుండానే మిర్చి బజ్జీలు తెప్పించాడు. "ఫంక్షన్ ఎవరిదైనా గోదాము నాది గద," అని నవ్వాడు. విద్యావతి చేతులు తుడుచుకుని, కీబోర్డు తుడిచి, మళ్లీ చేతులు తుడుచుకుని ఫ్లాపీ లోపలికి తోసింది.

ప్రింటరు కొత్త చీర చింపుతున్నట్టు చప్పుడు చేస్తూ కాగితం కక్కింది. లచ్చన్న దాన్ని పెళ్లిపత్రికలా రెండు చేతులతో పట్టుకుని చదివాడు. మొదటి తూము పోచన్న, సోమవారం సాయంత్రం ఆరు గంటల నుంచి. అందరూ గొల్లుమన్నారు. పోచన్న బజ్జీ నములుతూనే, "నవ్వుండ్రి నవ్వుండ్రి! మూడేండ్లు ఆడోల్లు వోయిండ్రు. నెలరోజులు నేను చీకట్ల వోతే అరిగిపోత్తనా?" అన్నాడు. అతని ముఖం కొంచెం చిన్నబోయిన మాట నిజమే గానీ, మాట మాత్రం నిండుగానే వచ్చింది.

"ఆరో తూము భూమవ్వ, బుధవారం పగలు పదకొండున్నర. ఏడో తూము గంగమణి, బుధవారం పగలు రెండు గంటలు!"

పగలు రెండు గంటలు. గంగమణి ఆ మాటను మనసులో రెండుసార్లు చప్పరించింది. ఎవరో వీపు మీద చరిచారు, ఎవరో బజ్జీ నోట్లో కుక్కారు. ఎంత సంతోషమంటే, పక్కన ఎవరుంటే వాళ్లను పట్టుకుని ఊపాలనిపించింది. పక్కన భూమవ్వ ఉంది. ఇంత సందడిలోనూ ఆమె గోడవారగా కూర్చుని బీడీలు చుడుతోంది. గంగమణి ఊపడానికి చేయి చాపింది, చాపిన చేయి అక్కడే ఆగిపోయింది.

భూమవ్వ ఆకును వెలుగుకు పట్టి చూస్తుంది. ఈనె మందంగా ఉంటే పక్కన పెడుతుంది. కీళ్లు పట్టిన వేళ్లతో నెమ్మదిగా దొర్లిస్తుంది. దారం ఒక చుట్టు తప్పితే విప్పి మళ్లీ చుడుతుంది. ఆమె ఒక్క బీడీ ముగించేలోపు గంగమణి రెండోది సగం దాటిస్తుంది.

నూరు బీడీలు అన్నది భూమవ్వ. కాశీనాథ్ నలభై నిమిషాలు అని రాసుకున్నది గంగమణి చేతిని చూసి.

ఇసుక నేల దాటి నీళ్లు భూమవ్వ మడికి చేరడానికి నలభై నిమిషాలు సరిపోవు. కానీ లిస్టు ప్రకారం ఆమె వంతు మొదలైపోతుంది. నీళ్లు రాని గడియలన్నీ ఆమె వంతులోంచే పోతాయి. సరిగ్గా రెండు గంటలకు గంగమణి ఆ తూము మూసి, నీళ్లు తన చేనుకు తిప్పుకోవాలి. తనకు చుక్క నష్టం లేదు. భూమవ్వకు చివరి సాళ్లు ఎండుతాయి. ఎందుకెండాయో ఆ పిచ్చితల్లికి తెలియను కూడా తెలియదు, ఇసుకను తిట్టుకుంటుంది.

చెబితే లిస్టు ఆగుతుంది. ఈ రోజు ఆదివారం, పోచంపాడ్ ఆఫీసులో ఫోనెత్తే దిక్కుండదు. రేపు పొద్దున సంఘం ఆఫీసులో పాత లిస్టు అతుకుతుంది. మళ్లీ నెల రోజులు, బుధవారం తెల్లవారుజాము రెండు గంటలు. వచ్చే నెల చెబితే ఏం పోయింది అని ఒక మనసు మెల్లగా అంది. ఆ మనసును గంగమణి గట్టిగా తిట్టింది, ఇక్కడ రాయలేని మాటే తిట్టింది.

"ఆపుండ్రి," అంది. సందడిలో ఎవరికీ వినపడలేదు. "ఓ లచ్చన్నా, ఆపుండ్రి! గీ లిస్టు తప్పు."

మెట్ల మీది తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. గంగమణి సంగతి చెప్పింది. చెప్పడం పూర్తి కాకముందే గోల మొదలైంది. "రెండో ఫ్లాపీ, రెండో ఫ్లాపీ అని లొల్లి జేసింది నువ్వేనాయె. వచ్చినంక ఆపుమనేది గూడ నువ్వేనా?" అని ఒకరు. "అర్ధగంటకేం మునిగిపోతది?" అని ఇంకొకరు. ఇల్లు అలకగానే పండుగ కాదని లచ్చన్న నిట్టూర్చాడు. భూమవ్వ చాట దించి, "నా కోసం వద్దు బిడ్డా, పోనియ్యి. ముసల్దాన్ని, ఏదో ఒకటి అయితది," అంది.

"ఎందుకు పోనియ్యాలె?" గంగమణి గొంతు లేచింది. "మాకు అన్యాయమైందనే గద మూడేండ్లు మొత్తుకున్నం. గా అన్యాయం జరిపి నీ మీద వడేస్తె దాన్ని న్యాయమంటరా? నేను పగటీలి నీళ్లు వారిచ్చుకుంట నీ చేను ఎండుడు చూడాల్నా?"

గంగమణి విద్యావతి వైపు తిరిగింది. "విద్యమ్మా, లెక్కంత విప్పే పెట్టిండ్రంటివి గద. తెరువు."

"నేనా అక్కా?"

"ఇంకెవ్వరున్నరు?"

విద్యావతి తండ్రి వైపు చూసింది. అంబదాస్ సేటు బజ్జీల పళ్లెం కింద పెట్టి, "చెడితే మల్ల మొదటిది ఉండనే ఉంది. నకలు దీసి పెట్టుకోని చెయ్యి బిడ్డా," అన్నాడు. వ్యాపారి కదా, ధైర్యం చెప్పడంలోనూ జాగ్రత్త చెప్పాడు. ఆ పిల్ల నకలు తీసింది. లెక్క తెరిచింది. తెర నిండా బారులు బారులుగా అక్షరాలు పైకి పోతుంటే మెట్ల మీదివాళ్లు మెడలు సాచారు. విద్యావతి పెదవులు కదుపుకుంటూ చదివింది. చాలాసేపు చదివింది. చివరికి ఒక చోట వేలు పెట్టింది.

"ఇగో. తూము నుంచి తూముకు నిమిషాలు. ఇరవై నాలుగు, ముప్పై రెండు, నలభై… గీ నలభయ్యే!" ఆమె గొంతులో ఆశ్చర్యం. "గింత అల్కగ ఉన్నదా? నేను రెండేండ్ల సంది దీన్ని ముట్టనే లేదు."

ఇక భూమవ్వ చేయి చూడాలి. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టారు. లచ్చన్న గడియారం పట్టుకున్నాడు. ఇంతమంది చూస్తుంటే ముసలమ్మకు పౌరుషం పుట్టింది. పడుచుదానిలా గబగబా చుట్టడం మొదలుపెట్టింది. రెండు బీడీలు మూతి ఊడి ఒళ్లో పడ్డాయి.

"అవ్వా, పందెం గాదిది!" అంది గంగమణి. "ఒడ్డు మీద కూసున్నట్టు కూసో. నీ ముచ్చట్లు నువ్వు చెప్పుకో. మామిడికాయ తొక్కు ఎట్ల వెట్టాలె?"

"తొక్కా? ముందుగాల్ల కాయ గట్టిది సూడాలె," అని భూమవ్వ మొదలుపెట్టింది. మెంతులు వేయించే దగ్గరికి వచ్చేసరికి పది బీడీలయ్యాయి. ఏడు నిమిషాలు. మళ్లీ ఒకసారి చూశారు, ఆవాల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ అవే ఏడు. నూరుకు డెబ్బై. తక్కిన తూముల లెక్క ఎవరెవరు చెప్పారో గంగమణి ఒక్కొక్కటీ తలచుకుని చెప్పింది. అవన్నీ తన చేతి లెక్కలే, సరిగ్గానే ఉన్నాయి.

విద్యావతి నలభై చెరిపి డెబ్బై కొట్టింది. ఒక్క క్షణం ఆలోచించి, దాని పక్కనే ఒక చిన్న వరుస చేర్చింది. 'ఈ లెక్క భూమవ్వ చేతిది, ఆర్మూర్‌లో సవరించినాము' అని. చదివి వినిపిస్తే భూమవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రింటరు మళ్లీ చీర చింపింది. గంగమణి వంతు బుధవారం పగలు రెండున్నరకు జరిగింది. ఈసారి బజ్జీలు చల్లారిపోయాయి గానీ ఎవరూ వదల్లేదు. బాల్కొండ వాళ్లు, జక్రాన్‌పల్లి అతను సవరించిన నకలే తీసుకున్నారు. వాళ్ల కాలువ మీద ఎవరి చేయి ఎంతో వాళ్లే చూసుకుని రాసుకుంటామన్నారు. ఒక నకలు పోచంపాడ్ బస్సు డ్రైవరు చేతిలో పెట్టి పంపింది విద్యావతి.

మంగళవారం కార్డు వచ్చింది. కాశీనాథ్ రాత. "మా తప్పు దొరకబట్టినందుకు దండాలు. పదకొండు నెలలు తప్పు పోతదేమోనని భయపడి ఆపినం. తప్పు పోతే సవరించడానికి మీరుంటరని మాకు తట్టలేదు. ఇంక ఏది రాసినా ముందుగాల్ల మీకే పంపుతం, సగమే అయినా సరే, సగమే పంపుతం." కింద గంగాదాస్ ఒక్క ముక్క చేర్చాడు. "పాట తీసేసినం."

బుధవారం విద్యావతి కూడా చేనుకు వచ్చింది. రెండేళ్లుగా నీళ్ల లిస్టు తీస్తున్నా ఆ పిల్ల కాలువ చూడలేదు. సేటు ఇంటి చెప్పులు చేతిలో పట్టుకుని ఒడ్డు మీద పడుతూ లేస్తూ నడిచింది. అటు భూమవ్వ మడిలో చివరి సాలు దాకా నీళ్లు నిండాయి. రెండున్నరకు ముసలమ్మే తూము పలక దించి, "పంపిన్నే గంగమణీ!" అని కేక పెట్టింది.

గంగమణి పార పట్టుకుని కాలువలో నిలబడింది. మూడేళ్లుగా ఈ నీళ్లు ఆమెకు చప్పుడుగానే తెలుసు. ముందు దూరంగా గుసగుస, తర్వాత గలగల, తర్వాత పాదాల మీద చల్లదనం. అప్పుడు టార్చిలైటు వేసి, మట్టి తీసి, మడికి తిప్పేది. ఎప్పుడు తెల్లవారుతుందా అని చూసేదే తప్ప, నీళ్ల వైపు చూసింది లేదు.

ఇప్పుడు నీళ్లు వంపు తిరిగి వస్తున్నాయి. ముందు నురగ, నురగ మీద ఎండుటాకులు, ఒక కోడి ఈక. ఎర్రటి నీళ్లు, ఎండ పడిన చోట బెల్లం పాకంలా మెరుస్తున్నాయి. వేలెడంత చేపపిల్లలు రెండు దారి తప్పి వచ్చి, ఆమె మడమ తాకి, బెదిరి వెనక్కి తిరిగాయి. నీళ్లు మొదటి సాలులోకి దిగి, ఆగి, నిండి, రెండో సాలులోకి తొంగి చూశాయి. పసుపు ఆకుల నీడలు వాటి మీద కదులుతున్నాయి. నడుమెత్తు ఆకులు, పచ్చగా, ఎండలో. గంగమణి పార కదపడం మరిచిపోయి చూస్తూ నిలబడింది. ఉన్నట్టుండి నవ్వు పొంగుకొచ్చింది. ఒక్కతే నవ్వుతూ నిలబడింది.

"ఏమైందక్కా?" ఒడ్డు మీంచి విద్యావతి కంగారుగా అడిగింది. "ఇంకేమన్న తప్పువోయిందా?"

"ఏం గాలే బిడ్డా," అంది గంగమణి, కళ్లు తుడుచుకుంటూ. "నా చేనుకు వచ్చే నీళ్లు గీ రంగుల ఉంటయని నాకియ్యాల్నే తెలిసె. చెప్పులు ఆడ వెట్టి, జర కిందికి దిగి చూడు."

విద్యావతి చెప్పులు ఒడ్డు మీద పెట్టి, లంగా మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని నీళ్లలోకి దిగింది.